ఎదురు ధార

నా రిటైర్మెంటుకు ముందు వచ్చిన ఆఖరి వానాకాలం. రేడియో ఖగోళ కేంద్రంలో సీనియర్ శాస్త్రవేత్తగా అప్పుడు నాకు అప్పగించిన పని, స్వరూప అనే పరిశోధక విద్యార్థిని తయారుచేసిన చిత్రాన్ని సరిచూడటం. ఆమెది బోయిగూడ. ఆఫీసులో కరెంటు మరమ్మతులు జరుగుతుండటంతో పద్మారావు నగర్‌లోని మా ఇంట్లోనే కూర్చున్నాం.

బయట ముసురు. తెర మీద ఎక్కడో కోట్ల కాంతి సంవత్సరాల అవతలి గెలాక్సీ. దాని నడిమి కృష్ణబిలం దగ్గర పుట్టిన సన్నని ధార బయటికి సాగి, నీళ్లలో పడిన పాలచుక్కలా విచ్చుకుంటోంది. ఇలాంటి ధారలు జంటగా, ఎదురెదురు దిక్కుల్లో పుడతాయి. మనవైపు వచ్చేది మెరుస్తుంది, అవతలికి పోయేది దాదాపు కనబడదు. స్వరూప చిత్రంలో అదీ లేతగా కనబడుతోంది. ఆమె థీసిస్ అంతా దాని మీదే. ఎంత అందంగా ఉందో! నేనూ తెర దగ్గరికి వంగి చూశాను.

అందంగా ఉన్నదాన్ని అనుమానించడం మా వృత్తిలో అలవాటు. యాంటెన్నాల సంకేతాల నుంచి నేరుగా వచ్చేది మసక చిత్రమే. వెలుగు ఎక్కడ ఉండవచ్చో మనమే పెట్టె గీసి చూపాలి. సాఫ్ట్‌వేర్ ఆ పెట్టెలోనే వెతికి, దొరికిందే నిజమనుకుని సంకేతాల్లోని లోపాలు దిద్దుతుంది, మళ్లీ వెతుకుతుంది. స్వరూప మొదటి విడతలోనే ఎదురు ధార కోసం ఒక పెట్టె గీసేసింది. అలా గీస్తే అక్కడ ఏమీ లేకున్నా ధార ఉన్నట్టు కనబడవచ్చు. అది తీసేసి మొదటినుంచి చేయమన్నాను.

"అది పోతే నా థీసిస్‌ల ఏం మిగుల్తది సార్? ఫెలోషిప్ సుత గీ నెలతోనే ఖతం. జెర సోచాయించుండ్రి," అంది.

నాకు జాలేసింది. అయినా మాట మార్చలేదు. మా ఆవిడ ఇచ్చిన టీ చల్లారిపోయాక స్వరూపే ఆ పెట్టె చెరిపేసింది. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం కాదు.

విడత విడతకూ చిత్రం తేటపడింది. ఎదురు ధార లేదు. అసలు ధార మాత్రం మునుపటికన్నా దూరం సాగి, కొసన మెలిక తిరిగి ఉంది. తప్పు దిద్దుబాట్లు ఇన్నాళ్లూ దాన్ని మరుగుపరిచాయి.

"గిదేంది సార్, గిట్ల తిరిగింది?" అంది స్వరూప, కళ్లు తుడుచుకుంటూనే.

ఫెలోషిప్ ఆగిపోయింది. ట్యూషన్లు చెప్పుకుంటూ ఆ మెలిక మీదే థీసిస్ తిరగరాసింది.

అవతలివైపు ధార ఉందనే మేమిద్దరం ఇప్పటికీ నమ్ముతాం. ఆ చిత్రంలో మాత్రం అది లేదు. నమ్మినదాన్నీ కనబడినదాన్నీ వేరుగా ఉంచాలని ఉద్యోగమంతా చెబుతూ వచ్చాను. అందుకు మనిషి ఏం వదులుకోవాల్సి వస్తుందో ఆ మధ్యాహ్నం స్వరూపను చూసి తెలుసుకున్నాను.