పరుపు లేని పోల్ వాల్ట్

డెకాథ్లాన్ అంటే రెండు రోజుల్లో పది పోటీలు. పరుగెత్తడం, దూకడం, విసరడం, అన్నీ ఒక్క మనిషే చెయ్యాల. తొంభైల చివర్లో నేను బెంగళూరు పక్కన బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తా, షిఫ్టు దిగినాక బస్సెక్కి స్టేడియానికి పోయి ప్రాక్టీసు చేసేవాణ్ణి. పదిట్లో నాకు బాగా వచ్చింది పోల్ వాల్ట్, పొడుగు కర్ర ఊతంతో ఎగిరి దూకేది. మిగతా వాటిలో వెనకబడినా అక్కడ లాగేసుకునేవాణ్ణి.

ఆ ఏడు రాష్ట్ర పోటీల్లో మొదటి రోజు ముగిసేసరికి హుబ్బళ్ళి నుంచి వచ్చిన ఒక కానిస్టేబుల్ మొదట ఉన్నాడు. వెనకే నేను. మర్నాడు పోల్ వాల్ట్ దగ్గరికి పోతే, కర్రలున్నాయి, స్టాండ్లున్నాయి, దూకినాక పడేదానికి పరుపు మాత్రం లేదు.

పోటీల సెక్రెటరీ టీ తాగతా ఉండాడు. మా మాదిరే తరాలుగా బెంగళూరులో ఉన్న తెలుగాయన.

"సినిమా ఫైటింగుకి ఇచ్చినామప్పా. వస్తాదిలే."

"రాకపోతే?"

"తొమ్మిదితోనే పాయింట్లు వేసేస్తాం. ఎవరు చూస్తారప్పా?"

నా గొంతు స్టేడియమంతా వినబడింది. "పదిట్లో ఒకటి తీసేస్తే ఇది డెకాథ్లాన్ ఎట్లవుతుంది సార్?" అని అరిచినా. అప్పుడు ఆ కానిస్టేబుల్ వచ్చి నా పక్కన నిలబడినాడు. పోల్ వాల్ట్ లో వాడు అంతంతమాత్రమే. అది ఎగిరిపోతే వాడికే లాభం. అయినా, "ఇట్లాంటి గెలుపు నాకొద్దు సార్. మేం పోయి పరుపు తెస్తాం, అంతవరకు ఆపండి" అని కన్నడంలో చెప్పినాడు. సెక్రెటరీ సరేనన్నాడు.

టెంపో మాట్లాడుకుని షూటింగు దగ్గరికి పోయినాం. ఎవరో మేడ మీద నుంచి మా పరుపు మీదికి దూకతా ఉండారు. సంగతి వినగానే ఫైట్ మాస్టర్ షాట్ ఆపించి, తన మనుషులతోనే పరుపును టెంపోకి ఎక్కించినాడు.

మేం తిరిగొచ్చేసరికి పోల్ వాల్ట్ రద్దు చేసినారు. జావెలిన్ విసరడం కూడా అయిపోయింది. అందులో మా ఇద్దరికీ ఆబ్సెంట్ వేసినారు.

"ఆపతామన్నారు కదా సార్!"

"మీ ఇద్దరి కోసం అందర్నీ ఎండలో కూచోబెట్టల్లా? మైదానం ఇడిసి పొమ్మన్నది ఎవరు?"

కానిస్టేబుల్ నా భుజం పట్టుకోకుంటే ఆ పొద్దు ఏం చేసుందునో. చివరి పరుగుకి ఇద్దరం లైను మీద నిలబడినాం. గెలిచేదేమీ లేదు. కోపంతోనే పరుగెత్తినాం. వాడు మొదట, నేను వాడి వెనక. మూడో స్థానంలో ఉన్నవాడు జాతీయ పోటీలకి పోయినాడు. వాడి మీద నాకు కోపం లేదు.

ఫిర్యాదు ఇచ్చినాం, జవాబు రాలేదు. మరుసటేడు నా మోకాలు పోయింది. జాతీయ పోటీలకి నేను ఎప్పటికీ పోలేదు. ఆ సెక్రెటరీకి మాత్రం తర్వాత పెద్ద సన్మానం చేసినారు, క్రీడలకి సేవ చేసినందుకంట.

"ఇన్నేళ్లయింది, ఇంకా ఆ కోపమేనా?" అంటుంది మా ఇంటామె.

అవును, ఇంకా ఆ కోపమే. ఎందుకు తగ్గాల?