అద్దంలో అమ్మవారు, గచ్చు మీద కోక

మా వదినంటే నాకు పడదు. ఆవిడ భక్తంటే అసలు పడదు.

మా తాత సొంత మగ్గం మీద నాయనమ్మకు ఒక కోక నేశాడు. తెల్లటి నూలుకోక, కొంగులో మాత్రం ఎర్రనూలుతో అమ్మవారు. ఒక కన్ను రెండోదానికన్నా పెద్దదిగా వచ్చింది. ఆ పెద్ద కంటి చూపు పడాలని, ఇంట్లో ఏ బిడ్డ పుట్టినా పురుడు రోజున ఆ కోకతోనే మొదటి ఉయ్యాల కట్టేవారు. నేను ఊగాను, నా కూతురు ఊగింది. అమ్మ పోయాక కోక వదిన పెట్టెలో ఉండిపోయింది.

రాజాం బడిలో నేను చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని. ఒక పుస్తకంలో ఈజిప్టు వాళ్ల పాతకాలపు చొక్కాల బొమ్మలుండేవి. మెడ చుట్టూ, భుజాల మీద దేవదూతలను రంగు ఉన్నితో నేసుకునేవారట, ఒంటికి కాపలాగా. పోయినవాళ్లను ఆ చొక్కాలతోనే పాతిపెట్టేవారు. తర్వాతెప్పుడో సమాధులు తవ్వినవాళ్లు బొమ్మల వరకూ కత్తిరించి అమ్ముకుని, సాదా గుడ్డ పారేశారు. పాఠం చెప్పినప్పుడల్లా వాళ్లను తిట్టిపోసేదాన్ని. అలాంటి కత్తెర మా ఇంట్లోనే ఉందని అప్పటికి తెలియదు.

పోయిన నెల నాకు మనవరాలు పుట్టింది. పురుడుకు ముందురోజు కోక కోసం వదిన ఇంటికి వెళ్లాను. హాల్లో టీవీ పైన, బంగారు రంగు ఫ్రేములో, అద్దం వెనక అమ్మవారు.

"ఏటి వదినా ఇది?"

"పురిటి మైలలో అమ్మోరి మీద పిల్లలు ఉచ్చలు పోస్తన్నారు. పాపం కాదేటి? అందుకే కత్తిరించి ఫ్రేము కట్టించినాను."

"మిగతా కోక?"

"ఉత్తి గుడ్డే కదే. గచ్చు తుడుస్తన్నాను."

ఒళ్లు మండిపోయింది. ఫ్రేము దించమన్నాను, దించనంది. నోటికొచ్చినవన్నీ అన్నాను, ఇప్పటికీ ఒక్క మాటకూ బాధపడటం లేదు. వంటింటి గుమ్మంలో బకెట్టు మీద వేలాడుతున్న కోక లాక్కుని వచ్చేశాను.

ఉడకబెట్టి ఉతికి ఎండలో వేశాను. మరకలు కొన్ని పోలేదు. కొంగులో, అమ్మవారు ఉండాల్సిన చోట, చేతులు రెండూ పట్టేంత కంత. మర్నాడు దానితోనే ఉయ్యాల కట్టి పాపను వేశాం.

వదిన పట్టుచీరలో వచ్చింది. పాపను చూడ్డానికి వంగింది. సరిగ్గా అప్పుడే పాప తన్నింది. కంతలోంచి చిన్న ఎర్రటి పాదం బయటకొచ్చి ఆవిడ ముక్కు ముందు ఆగింది.

"అమ్మోరు ఉండేది అక్కడే," అన్నాను. "దండం ఎట్టుకో వదినా."