వరసలో చిట్టచివర

కుప్పం డిపోలో కండక్టరుగా నా సగం జీవితం గడిచింది. అక్కడ నేను సీనియర్ని. డ్యూటీలు ఎంచుకునే రోజున ముందు నిలబడి, నాకు కావలసిన బస్సు అడిగి తీసుకునేవాణ్ణి. నా భార్య మాత్రం మదనపల్లెలో ఉండేది. పట్టు దారం తీసే చోట పని. వారానికొకసారి నేనే ఇంటికి వచ్చేవాణ్ణి. ఇద్దరికీ అలవాటైపోయింది.

తర్వాత ఆమెకు చూపు మందగించింది. పగలు పరవాలేదు, పొద్దు గూకితే గోడ పట్టుకుని నడవాలి. పోయిన చూపు తిరిగి రాదన్నాడు డాక్టరు. ఒక సాయంత్రం పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకుంది. ఆ సంగతి పక్కింటివాళ్లు ఫోన్లో చెప్పారు, ఆమె చెప్పలేదు. అప్పుడే మదనపల్లెకు బదిలీ అడిగాను. చీకటి పడేసరికి ఇంట్లో ఉండాలి, నాకు కావలసింది అంతే.

బదిలీ వచ్చింది. కానీ మనంతట మనం అడిగి వెళితే కొత్త డిపోలో సీనియారిటీ మళ్లీ మొదటినుంచి. జీతం పాతదే, నిలబడే చోటు మాత్రం చిట్టచివర. నాకు తెలియని రూలేమీ కాదు. కుప్పంలో యూనియన్ మీటింగుల్లో దానికోసం చెయ్యెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. ఏళ్ల తరబడి ఒకచోట కాచుకున్నవాళ్ల నెత్తిన బయటివాడొచ్చి కూర్చోకూడదు కదా. ఇప్పటికీ అది న్యాయమనే అంటాను, కానీ ఆ మాట అనడానికి కూడా ఇప్పుడు ఓపిక చాలడం లేదు.

మదనపల్లె డిపో రెస్టు రూములో అందరం వరసగా నిలబడ్డాం. ఒక్కొక్కరే తమకు కావలసిన బస్సు చెప్పాలి. నాకు చాలా ముందు నిలబడినవాడు, ఒకప్పుడు కుప్పంలో నా దగ్గరే పని నేర్చుకున్నవాడు. బదిలీ మీద నాకంటే ముందు ఇక్కడికి వచ్చాడు కాబట్టి ఇక్కడ నాకు సీనియర్. అతని వంతు వచ్చేసరికి పుంగనూరు పగటి బస్సు ఇంకా మిగిలి ఉంది. వెలుతురుండగానే డిపో చేరే బస్సు. అతను వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"అన్నా, నాకు యాదైనా ఒకటే. ఇది నీకు వదిలేస్తా."

"నువ్వు వదిలితే ఆయనకు పోదప్పా, నీ ఎనకుండే వానికి పోతాది. వానికీ ఇల్లుండాది," అన్నాడు యూనియన్ కార్యదర్శి. కోపంగా కాదు, మెల్లగానే అన్నాడు.

వరసలో నాకూ ఆ కుర్రాడికీ మధ్య ఉన్నవాళ్లంతా నేల చూపులు చూస్తున్నారు. వాళ్లలో ఎవరిని కాదనగలను? "తీసుకోప్పా," అన్నాను. అతను పుంగనూరు అన్నాడు. నా దాకా వచ్చేసరికి మిగిలింది రామసముద్రం వైపు ఒక పల్లెకు పోయే నైట్‌హాల్ట్ బస్సు. రాత్రికి అక్కడే ఉండి, పొద్దున్నే తొలి ట్రిప్పు వేసుకుని రావాలి. సాయంత్రాలు ఇంట్లో ఉందామని బదిలీ చేయించుకున్న మహానుభావుణ్ణి, బస్సు సీట్ల మీద కాళ్లు ముడుచుకుని పడుకున్నాను.

పల్లె చేరగానే ఫోన్ చేసేవాణ్ణి.

"పొయ్యి ఆర్పేసినావా?"

"పగలే వండి పెట్టుకున్నా. యాల దినామూ అదే అడుగుతావు?" అనేది.

వరసలో నా ముందున్నవాళ్లలో కొందరు రిటైరయ్యారు. కొందరు వేరే డిపోలకు వెళ్లి అక్కడ చివర నిలబడ్డారు. నేను కొద్దికొద్దిగా ముందుకు జరిగాను. ఈలోపు ఆమె పట్టు పని మానేసింది. పగటిపూట కూడా తడుముకుంటోందని గమనించాను. అడిగితే, "బాగానే కనపడతాది" అనేది. నమ్మడం తేలిక కాబట్టి నమ్మాను.

చివరికి ఒక పగటి బస్సు నాకు దొరికింది. దాని పేరు రెండుసార్లు చెప్పాను.

మొదటి రోజు డ్యూటీ దిగి నేరుగా ఇంటికి వచ్చాను. ఆమె గడప మీద కూర్చుని ఉంది. ఏటవాలు ఎండ ఆమె మొహం మీదే పడుతోంది.

"వచ్చేసినా సూడు, పొద్దుండంగానే," అన్నాను.

ఆమె నా గొంతు వినిపించిన వైపు తల తిప్పింది.

"ఇంకా పొద్దుండాదా?" అని అడిగింది.