స్వర్ణలత వెతికిన తప్పు

మా మేడ మీద ఉండే స్వర్ణలత చచ్చిపోయిన ఊళ్లను బతికిస్తుంది. నేను కళ్లారా చూశాను. ఒక్క ఎండాకాలంలోనే నాలుగు వందల ఊళ్లకు ప్రాణం పోసింది, కోటలూ కొండలూ గొర్రెలమందలతో సహా. కడపలో ఇంత పని చేసిన మనిషి ఇంకొకరు లేరు.

సరే, నాలుగు వందలు కాకపోవచ్చు. నలభై అనుకోండి. ఊళ్లంటే మనం బస్సెక్కి పోయే ఊళ్లు కూడా కాదు, కంప్యూటర్ ఆటల్లో ఉండే ఊళ్లు. నేను చదివిన కాన్వెంటులో అబద్ధం ఆడితే సిస్టర్లు మోకాళ్ల మీద నిలబెట్టేవారు. పెంచి చెప్పడం గురించి మాత్రం వాళ్లేమీ అనలేదు, నేనూ అడగలేదు. గొర్రెలు మాత్రం నిజం.

స్వర్ణలతది ఆత్మకూరు. వయసు నలభైకి దగ్గర. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని అడిగినవాళ్లకు జవాబు చెప్పదు. కడపలో ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో కొన్నేళ్లు ఉద్యోగం చేసింది. ఇంటినుంచే పని చేసుకోవచ్చని కంపెనీవాళ్లు అనగానే తిరిగి కడపకు వచ్చి మా మేడమీది గదుల్లో దిగింది. మా ఎదురుగా బండలు కోసే మిల్లు. పొద్దున మొదలైతే సాయంత్రం దాకా రంపం అరుస్తూనే ఉంటుంది. బూడిదరంగు దుమ్ము కిటికీ ఊచల మీద పేరుకుంటుంది. ఆ చప్పుడు ఆగిపోయే ఆదివారం నాడే తనకు తోచదని ఒకసారి అన్నది.

ఆమె చేసే పనేమిటో నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. ఎక్కడెక్కడివాళ్లో కలిసి ఆడుకోవాలంటే ఆటకొక చోటు కావాలి. దాన్ని సర్వర్ అంటారు. పెద్ద కంప్యూటర్‌ను ఒక లాడ్జీ అనుకోండి. అందులో ఒక్కో ఆటకు ఒక్కో గది. ఆ గదిని వీళ్లు కంటైనర్ అంటారు. ఒక గదిలో గొడవ పక్కగదికి వినిపించదు. ఈ గది ఇంత మెమరీ వాడుకోవాలి, ఇంతకు మించకూడదు అని కొలత ఉంటుంది. లాడ్జీ మేనేజరు పేరు లినక్స్. కొలత మించినవాణ్ణి మాటా పలుకూ లేకుండా మెడపట్టి బయటికి గెంటడం అతని పద్ధతి. అట్లా ఆట పడిపోయినప్పుడు ఆటగాళ్లు బూతులతో కంపెనీకి రాస్తారు. కంపెనీ ఆ బూతుల్ని స్వర్ణలతకు పంపుతుంది. ఆమె ఆ గదిలోకి తొంగిచూసి, ఎక్కడ చెడిందో కనిపెట్టి, ఊరిని మళ్లీ లేపి నిలబెడుతుంది. లేవగానే వాళ్లు ఆటలో పడిపోతారు. ఆమె ఇంకో గదికి పోతుంది. ముక్కూమొహం తెలియని వందలమంది ఆమె తెరిచిన తలుపుల్లోంచే లోపలికి పోతారు, ఒక్కరూ ఆమెను చూడరు.

ఇంజనీరింగు రోజుల్లో ఆమెకు ఇద్దరు స్నేహితురాళ్లు ఉండేవారు, తనూజ, షాహీనా. కాలేజీ ల్యాబులో ముగ్గురూ పక్కపక్కన కూర్చుని, ఖాళీ నేల మీద ఊరు కట్టుకునే ఆట ఒకటి ఆడేవారట. ఇప్పుడు తనూజ కర్నూలులో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. షాహీనా ఆత్మకూరులో మందుల షాపు నడుపుతోంది. కొట్లాడుకున్నది ఏమీ లేదు. మాటలు తగ్గి, తగ్గి, పండగకు పూలబొమ్మ, పుట్టినరోజుకు కేకుబొమ్మ పంపుకునే దగ్గరకు వచ్చి ఆగిపోయాయి.

పోయిన ఎండాకాలం మొదట్లో స్వర్ణలత ఒక పాత కంప్యూటర్ కొనుక్కొచ్చి మంచం కింద పెట్టింది. దాంట్లో ఒక గది కట్టి ఆ పాత ఆటను అందులో దించింది. నెట్ కనెక్షన్ ఇచ్చేవాళ్ల వెంటపడి, బయటనుంచి ఎవరైనా చేరుకోగలిగే చిరునామా ఒకటి తీసుకుంది. ఇద్దరికీ మెసేజీ పెట్టింది: ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి మన ఆట, రండి. ఇద్దరూ బొటనవేలి బొమ్మ పెట్టారు.

ఆదివారం వచ్చింది. ఎవరూ రాలేదు.

మర్నాడు మంచినీళ్ల క్యాను కోసం కిందికి వచ్చినప్పుడు ఆమె మొహం వెలిగిపోతోంది.

"తాతా, తప్పు దొరికింది! ఆ ఆటలో నేల శానా పెద్దది, నేనిచ్చిన మెమరీ సాల్లేదు. మేనేజరు గెంటేస్తాండాడు, అది మళ్లా లేస్తాండాది, మళ్లా గెంటేస్తాండాడు. పైనుంచి సూస్తే నడుస్తాండాదనే సూపిస్తాది."

"తప్పు దొరికితే ఇంత సంబరమా పాపా?"

"మరి సర్వర్‌లో తప్పుంటే మనుషుల్లో లేనట్టే గదా," అన్నది.

అప్పుడు అర్థమైంది నాకు, ఆమె దేనికోసం వెతుకుతోందో. ప్రపంచంలో మరమ్మతు చేసేవాళ్లందరూ తప్పు లేకుంటే బాగుండునని కోరుకుంటారు. ఈమె తప్పు ఉండాలని కోరుకుంటోంది. తప్పేమీ దొరక్కపోతే, వాళ్లిద్దరూ కావాలనే రాలేదని ఒప్పుకోవాలి.

మెమరీ పెంచింది. మళ్లీ ఆదివారం వచ్చింది, పోయింది. ఆ వారం ఒక మిట్టమధ్యాహ్నం, ఎండకు తారు మెత్తబడే వేళ, ఆమె ల్యాప్‌టాప్ చేతిలో పట్టుకుని మిల్లు గోడ పక్కన నిలబడి ఉంది. ఏం చేస్తున్నావని అడిగాను.

"మా ఇంటి తలుపు కొడతాండా తాతా, బయటి మనిషి లెక్క."

ఇంట్లోంచి ఎన్నిసార్లు ప్రయత్నించినా తలుపు తెరుచుకునేదట. ఇంటి మనిషికి ఎట్లాగూ తెరుచుకుంటుంది. అందుకని ఫోన్‌లోని నెట్ పెట్టుకుని వీధిలోంచి కొట్టి చూస్తోంది. తెరుచుకోలేదు. కంప్యూటర్ల మధ్య కబురు రెండు రకాలుగా పోతుందని నాకు చెప్పింది. ఒకటి రిజిస్టర్డు పోస్టు లాంటిది, అందిందని సంతకం పెట్టాలి. రెండోది గోడమీదుగా విసిరేసే చీటీ, అందితే అందింది. ఈ ఆట చీటీలు విసిరే రకం. ఆమె మాత్రం గేటు దగ్గర రిజిస్టర్డు పోస్టును ఒక్కదాన్నే రానివ్వమని రాసిపెట్టింది. కంపెనీ పనిలో రోజూ పదిమందికి దిద్దే తప్పు, తన ఇంట్లో తనే చేసింది. నెత్తిన చెయ్యి పెట్టుకుని, ఆ ఎండలో నిలబడి, ఎంత సంతోషంగా నవ్విందో.

ఆ పై ఆదివారమూ ఎవరూ రాలేదు. మళ్లీ వెతికింది. ఆటకు కొత్త వెర్షన్ వచ్చింది, సర్వర్‌లో ఉన్నది పాతది, పాతదానిలోకి కొత్తవాళ్లను రానివ్వదు. అది కూడా సరిచేసింది. ఆ తర్వాత వెతకడానికి ఏమీ మిగల్లేదు.

ఆ రోజు నన్ను పైకి పిలిచి తెర చూపించింది. సర్వర్ తనకు జరిగిందంతా వరుసగా రాసుకుంటుంది, దాన్ని లాగ్ అంటారు. ఎవరు తలుపు కొట్టినా అందులో పడుతుంది. పైనుంచి కింది దాకా చూశాను. ఇంట్లోంచీ వీధిలోంచీ ఆమె కొట్టిన తలుపు తప్ప ఇంకో అలికిడి లేదు. అట్టడుగున ఇంగ్లీషులో ఒక వరుస. కాన్వెంటు చదువు కాబట్టి చదువుకోగలిగాను. అంతా సిద్ధం, ఆటగాళ్ల కోసం ఎదురుచూస్తున్నాను, అని ఉంది.

"శానా బాగుండాది సర్వర్. యా రోగం లేదు," అన్నది స్వర్ణలత. అబద్ధాలు అల్లడంలో అంత పేరున్న నాకు ఒక్కటీ తోచలేదు. కిందికి దిగి వచ్చాను.

మా వీధి మలుపులో భీమమ్మ బొరుగుల ఉగ్గాని, బజ్జీల బండి పెట్టుకుని ఉంటుంది. నందికొట్కూరు దగ్గరి పల్లెటూరి మనిషి. ఆదివారం మూడున్నరకు స్వర్ణలత బజ్జీలు కట్టించుకుపోవడం ఆమెకు అలవాటయిపోయింది. ఎండాకాలం దాటాక ఒక ఆదివారం నేనూ బండి దగ్గరే ఉన్నాను.

"ఆదివారమయితే సాలు, సుట్టాలొచ్చినట్లు ఇన్ని బజ్జీలు కట్టించుకుంటావు. ఒక్క పురుగు మెట్లెక్కంగ సూళ్లేదు నేను," అన్నది భీమమ్మ.

"వచ్చేవాళ్లు మెట్లెక్కి రారులే భీమమ్మా. పిలిచినా, రాలేదు."

"పిలిస్తే రాకుండా యాడ పోతారు? రెండో పిలుపు పిలిచినావా?"

"రెండో పిలుపేంది?"

"అయ్యో, సదువుకున్నదానివి! మా పల్లెలో పెండ్లి అయితే ముందే ఇంటింటికి చెప్పి వస్తారా, దాంతో అయిపోతాదా? ఆకులేసినాక మనిషి మళ్లా పోయి, లేయండప్పా, అన్నానికి రాండి, అని పిలవాల. ఆ పిలుపు రాకపోతే, ఆకలి ఎంతున్నా సరే, కదుల్తారా ఎవురన్నా? కొత్త గుడ్డలు కట్టుకోని, తలుపు సందులోనుంచి సూసుకుంటా కూచుంటారు."

"వాళ్లు పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు. అట్లాంటివి పట్టించుకోరు."

"ఉద్యోగముంటే పౌరుషం పోతాదా? ఇంకా పెరుగుతాది. ఇందా, వేడిగ ఉండాయి, తిను."

స్వర్ణలత పొట్లం తీసుకోలేదు. నా వైపు తిరిగి, భీమమ్మకు వినపడకుండా అన్నది.

"తాతా, తనూజ కర్నూల్లో ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశం కార్డు పంపింది. ఆ పొద్దు నేను పట్టుచీర కట్టుకొని, బస్సు టైము కూడా సూసిపెట్టుకొని, ఫోను ముందర పెట్టుకొని కూచున్నా. బయల్దేరినావా అని ఒక మాట అడుగుతాదేమో అని. అడగలా. చీర మార్చుకొని పనిలో కూచున్నా."

ఆమె పైకి పోయింది. ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తుకోవాలనే నెపం మీద నేనూ మేడెక్కాను. తలుపు తెరిచే ఉంది. ఫోన్ బల్లమీద పెట్టి, అవతలి మాట బయటికి వినపడేట్టు చేసింది. మీరేమైనా అనుకోండి, నేను చెవులు మూసుకోలేదు.

ముందు షాహీనాకు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. తర్వాత తనూజకు.

"ఏమే, నంబరు పోగొట్టుకోలేదా ఇంకా? ఎవురన్నా సచ్చినారా, ఫోను చేసినావు?"

"ఎవురూ సావలేదు. నాలుగయింది తనూ. ఆటకు రా."

"ఇప్పుడా పిలిచేది? ఎండాకాలం దాటిపోయినాక?"

"మెసేజీ పెట్టినా గదా."

"పెట్టినావు. నేనూ బొటనేలు పెట్టినా. మొదటి ఆదివారం తల దువ్వుకోని కంప్యూటర్ ముందర కూచున్నా, తెలుసునా నీకు? ఆటలో మొగమన్నా కనపడదు, దానికి తల దువ్వుకున్నా! రావే అని ఒక్క మాట ఫోను చేస్తావేమో అని సూసి సూసి, మాటవరసకు చెప్పింటాది, మనమేంది ఎగేసుకోని పోయేది అని మూసిపెట్టినా."

"నేనూ కూచున్నా. నీ గృహప్రవేశం పొద్దు. పట్టుచీర కట్టుకోని."

"కట్టుకోనా? దొంగమొగమా! నీకని ఆకేసి పెట్టి, పొద్దుగూకే దాకా ఎవుర్నీ కూచోనీలేదు నేను!"

ఇద్దరూ ఒకరినొకరు ఇంకా ఏవేవో తిట్టుకున్నారు. అవి రాస్తే మీరు నమ్మరు, రాయదగ్గవి కూడా కావు. కొంతసేపటికి తెర మీద కొత్త వరుస ఒకటి పడింది. తనూజ లోపలికి వచ్చింది, అని. స్వర్ణలత ఆ వరుస మీద వేలు పెట్టి అట్లాగే ఉంచింది.

ఖాళీ నేల మీద ఇద్దరూ గోడ కట్టడం మొదలుపెట్టారు. ఇటుక నీది వంకర అంటే నీది వంకర అని ఫోన్‌లో వాదన. గోడ నడుము ఎత్తుకు వచ్చిందో లేదో, తెర ఆగిపోయింది. సర్వర్ పడిపోయింది.

నెలల తరబడి ఎవరూ లేనప్పుడు నిక్షేపంగా నిలబడిన సర్వర్, చుట్టం రాగానే కూలింది. స్వర్ణలత కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఒకే మాటను రెండుసార్లు తప్పు కొట్టింది. రోజూ ఎవరెవరివో ఊళ్లను లేపే చేతులు అవి.

"పోవద్దు తనూ. ఉండు. ఇప్పుడే లేపుతా. పోవద్దు."

"నేను యాడికి పోతానే? ఆదివారం నాకేం పనుండాది? ఉండా. సూసుకో నిదానంగా."

ఆట మధ్యమధ్యలో ఊరిని ఒక పెట్టెలో దాచుకుంటుందట. ఆ పెట్టె ఆట పేరున కాక కంప్యూటర్ యజమాని పేరున ఉండిపోయింది. దాచుకోబోయి, అనుమతి లేదనేసరికి సర్వర్ ప్రాణం వదిలింది. అన్నాళ్లూ ఆమె తలుపు కొట్టి చూసి వెంటనే బయటికి వచ్చేసేది కాబట్టి, లోపల దాచుకోవలసింది ఏదీ ఉండేది కాదు, అందుకే ఈ లోపం బయటపడలేదు. పెట్టెను సరైన పేరుకు మార్చింది. సర్వర్ లేచింది. గోడ పోయింది.

"గోడ పోయినాది తనూ."

"పోతే పోనీలే, నువ్వు కట్టింది వంకరే గదా. మళ్లా మొదలుపెట్టు."

అప్పటినుంచి ప్రతి ఆదివారం నాలుగింటికి స్వర్ణలత ఇద్దరికీ ఫోన్ చేస్తుంది. తనూజ వీలైనప్పుడు వస్తుంది, పిల్లల పరీక్షలప్పుడు రాదు. షాహీనా ఫోన్ ఎత్తదు. మోగడం ఆగేదాకా స్వర్ణలత వింటూ ఉంటుంది. షాపులో జనం ఉంటారేమో, అంటుంది. ఆదివారం సాయంత్రం ఆత్మకూరులో ఆ షాపు మూసి ఉంటుందని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. తనూజ రాని వారాల్లో ఆమె ఒక్కతే లోపలికి పోయి, గోడ మీద ఇంకో వరుస పెట్టి వస్తుంది. కిందనుంచి నాకు కీబోర్డు చప్పుడు వినపడుతుంది. మిల్లు ఉండదు కదా, బాగా వినపడుతుంది.

ఇదంతా రాసి, అచ్చుకు పంపేముందు ఒక ఆదివారం ఆమెకు చదివి వినిపించాను. మెట్ల మీద కూర్చుని చివరిదాకా కదలకుండా విన్నది. తర్వాత లేచి, నాలుగయిందేమోనని ఫోన్ చూసుకుని, చీర కుచ్చిళ్లు దులుపుకున్నది.

"ఇదంతా అబద్ధం తాతా. నా మంచం కింద కంప్యూటరే లేదు. తనూజ అనే మనిషి నాకు తెలీదు, షాహీనా అంటే అసలే తెలీదు. నాకు ఆటలు రావు. నేను ఎన్నడూ ఎవురి కోసరమూ ఎదురుసూసి కూచోలేదు. ఇందులో ఒక్క ముక్క కూడా జరగలేదు."