వాన పాఠం

అరవైల చివర్లో శృంగవరపుకోట దగ్గరి మా పల్లెలో బాలవాడి నడిపిన టీచరమ్మకు ప్రకృతి అంటే ప్రాణం. ఎండ, బురద, పురుగు మాత్రం పడేవి కావు. పసిపిల్లలు ఆరుబయటే నేర్చుకోవాలని ఆవిడకు పట్నంలో శిక్షణ ఇచ్చారట. అందుకని మమ్మల్ని రోజూ జీడిమామిడి చెట్టు కింద కూర్చోబెట్టి, ఆ చెట్టు మొదలుకే చెట్టు బొమ్మ ఉన్న పటం తగిలించేది. మేం తలెత్తి కొమ్మల్లోకి చూస్తే, బెత్తంతో పటం మీద తట్టి, "అటు కాదు, ఇటు చూడండి" అనేది. ఎండాకాలం పళ్లు మా నెత్తినే రాలినా అదే మాట. తొలకరిలో ఎర్రటి ఆరుద్ర పురుగు పటం మీదికే పాకినా అదే మాట, కాకపోతే ఆమడ దూరం గెంతి మరీ అన్నది.

ఒకనాడు పై ఆఫీసరమ్మ తనిఖీకి వచ్చింది. సరిగ్గా అప్పుడే కొండ మీంచి జల్లు దిగింది.

"ఓలమ్మా, వానొచ్చేసినాది టీచరమ్మా!" అంటూ మేం చేతులు చాపి గెంతులేశాం.

"లోపలికి పదండి! ఇవాళ వాన పాఠం!" అని ఆవిడ అందర్నీ గదిలోకి తోలి, తలుపు గడియ పెట్టి, వాన పటం విప్పింది.

ఆఫీసరమ్మ ముందు వరసలో ఉన్న నన్ను అడిగింది: "వాన ఎలా ఉంటుంది పాపా?"

నా జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. పటం వంక చూశాను.

"నీలం గీతల్లాగ ఉంటాదండి."

టీచరమ్మ మొహం వెలిగిపోయింది. ఆఫీసరమ్మ "శభాష్!" అని నా తల నిమిరి, తడిసిన చెయ్యి పైటకు తుడుచుకుంది.