సెలక్షన్ కంటే ముందే వచ్చిన జెర్సీలు

మా సూర్యాపేట ఫుట్‌బాల్ టీమ్ పోయినేడు కోదాడ మీద ఓడింది, మిర్యాలగూడ మీద ఓడింది. రెండుసార్లూ గోల్‌కీపరే ముంచిండు. ఆయన మా టీమ్ ప్రెసిడెంట్ బామ్మర్ది. ఈసారి టీమంతా కొత్తగ కడుతమంటే నమ్మి, ఇయ్యాల పొద్దున సెలక్షన్లకు పోయిన.

దామరచర్ల పవర్ ప్లాంట్ల పనిచేసే ఒక కీపర్‌ను నేనే బతిమిలాడి పిలిపించిన. పాపం, రాత్రి డ్యూటీ దిగి సీదా బస్సెక్కి వచ్చిండు. కండ్లు ఎర్రగున్నయి గని, ఒక్క బాల్ గూడ లోపటికి పోనియ్యలే. ఇగ మన గోస తీరిందనుకున్న.

గప్పుడే ప్రెసిడెంట్ కారు డిక్కీ తెరిచి జెర్సీలు పంచుడు షురూ చేసిండు. అన్నిటి మీద ముందే పేర్లు అచ్చయి ఉన్నయి. కీపర్ ఏసుకునే ఒకటో నంబర్ మీద బామ్మర్ది పేరే!

"ఆట సూడకముందే పేర్లెట్ల కొట్టిచ్చినవన్నా?" అనడిగిన.

"అచ్చయినంక ఏం జేస్తం తమ్మీ? నీ మనిషిని ఎక్స్‌ట్రాల పెడుతంలే" అన్నడు.

థూ! ఆ జెర్సీ బామ్మర్ది పొట్ట కాడ ఆగిపోతే ఇద్దరు పట్టి కిందికి గుంజిండ్రు.

దామరచర్లాయన గ్లౌజులు సంచిల పెట్టుకుంట, "అన్నా, మిర్యాలగూడోళ్ల సెలక్షన్లు ఎప్పుడు?" అన్నడు.

"వచ్చే ఆదివారం. నా బండి మీద నేనే తోలుకపోత" అన్న.

సూర్యాపేటోళ్లు తిట్టేదుంటే కింద కామెంట్లల్ల తిట్టుండ్రి. గని ముందు ఆ జెర్సీని ఒక్కసారి సూసి రాండ్రి.