మెడలోని గడ్డ, మగ్గం మీది చెయ్యి

మా డాక్టరు సారు పోయారని మొన్న పొద్దున ఫోనొచ్చింది. నేత ఆపేసి మగ్గం గుంటలోనే కూర్చుండిపోయాను. మహబూబ్‌నగర్‌లో ఆయన కోయని మెడ లేదని జనం నవ్వుతూ అనేవాళ్లు. అందులో నాదీ ఒకటి.

గద్వాలలో మేం చీరలు నేస్తాం. తెలంగాణ వచ్చిన మరుసటేడు నాకు మెడకు కుడిపక్క, భుజం ఎముకకు కాస్త పైన, రేగుపండంత గడ్డ లేచింది. నొప్పి లేదు గానీ బొటనవేలు తిమ్మిరెక్కేది. రోజంతా పోగుల మధ్య నాడె పరుగెత్తేలా తాడు గుంజే చెయ్యి కదా, పనివల్లే అనుకున్నాను. మా వాడకట్టులో ఎవరికి వేళ్లు లాగినా మగ్గాన్నే తిడతాం. మా ఆవిడ నూనె రాసి గడ్డను రుద్దినప్పుడల్లా వేలికి కరెంటు కొట్టినట్టయ్యేది. అయినా నా బుర్ర వెలగలేదు! మొండిగా రెండేళ్లు గడిపాను.

చివరికి మహబూబ్‌నగర్ ఆసుపత్రికి పోతే, సారు గడ్డను అటూ ఇటూ కదిపి, వేలితో మెల్లగా తట్టారు. కెవ్వుమన్నాను.

"యాడికి పోయింది కరెంటు?"

"బొటనేలికి సారూ."

"గడ్డ మెడల, కరెంటు ఏలికి. మగ్గాన్ని ఊకె తిట్టకయ్యా, దాని తప్పేం లేదు."

స్కానింగు చూశాక నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నారు. "చేతికి పోయే నరం మీద పుట్టిన గడ్డ. క్యాన్సర్ గాదు, ఫికర్ జెయ్యకు. గని ఇంక పెరిగితే చెయ్యి పడిపోతది."

"నరం తెగితే అతకరాదా సారూ? మేం దినాం వందల పోగులు అతుకుతం."

"నువ్వు అతికిన పోగు మళ్ల నేతకొస్తది. నేను అతికిన నరం మునుపటి లెక్క రాదు. అందుకే తెంపను. పైపొర నిలువుగ చీరి, నరం పోగులు పక్కకు జరిపి, గడ్డ ఒక్కటే ఒలిచి తీస్త. అయినా చెయ్యి మంచిగుంటదని మాట ఇయ్యలేను."

మాట ఇవ్వలేనివాడికి కత్తెందుకని మనసులో తిట్టుకున్నాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. అంత నిజం నాతో ఇంకెవరూ చెప్పలేదు.

ఆసుపత్రికి అచ్చంపేట అడవి పల్లెల వాళ్లొస్తే సారు ముందు వాళ్లనే పిలిచేవారు. "వాళ్లకు బస్సు పోతది, జర ఆగుండ్రి" అనేవారు. గొణిగినవాళ్లకు తన చాయ్‌లో సగం పోసిచ్చేవారు. నేనూ గొణిగి తాగాను.

ఆపరేషన్ అయి మెలకువ వచ్చేసరికి చెయ్యి బరువుగా ఉంది. కదిలించాలంటే భయమేసింది. అది పోతే మా ఇంట్లో ఇంక నేసే చెయ్యి లేదు. సారు వచ్చి మంచం అంచున కూర్చున్నారు. కుట్లు వేయగా మిగిలిన నల్లటి పట్టుదారం రెండు ముక్కలు నా అరచేతిలో పెట్టారు.

"అతుకు."

దారం జారింది. మళ్లీ జారింది. చివరికి ముడి పడింది. సారు దాన్ని రెండు చేతులా గుంజి చూశారు. ఊడలేదు. దాన్ని చొక్కా జేబులో వేసుకుని, కళ్లద్దాలు తుడుచుకుంటూ పక్క మంచం దగ్గరికి నడిచారు.